బోన్సాయ్‌గా వాటిల్: ఏ జాతిని ఎంచుకోవాలి, దేనిని వదిలిపెట్టాలి

మెల్‌బోర్న్‌లో ఆగస్టు సగం గడిచేసరికి, ఇక్కడి చలికాలం ఇంకా వదలకముందే, రోడ్ల పక్కన, వాగుల గట్ల మీద, రైలు కట్టల వెంట వాటిల్ చెట్లు పసుపు పచ్చగా విరగబూస్తాయి. బోన్సాయ్ మీద మక్కువ ఉన్నవారు ఆ పూతను చూసి, ఆ వారంలోనే నర్సరీకి వెళ్లి, కొమ్మ నిండా పూలున్న మొక్కను కొని తెచ్చుకోవడం సర్వసాధారణంగా జరుగుతుంది. మొదటి మొక్కను నేనూ అలాగే కొన్నాను. ఆ తరువాత తొమ్మిదేళ్లుగా వేర్వేరు జాతులను కుండీల్లో పెంచి, కొన్నిటిని నిలుపుకుని, కొన్నిటిని పోగొట్టుకున్న మీదట నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే: బోన్సాయ్ కోసం వాటిల్‌ను పువ్వును చూసి ఎంచుకోకూడదు, కత్తెర పడిన తరువాత ఆ చెట్టు ఏం చేస్తుందో తెలుసుకుని ఎంచుకోవాలి.

వాటిల్ అనేది అకేసియా ప్రజాతి చెట్లకు ఆస్ట్రేలియాలో వాడుకలో ఉన్న పేరు. ఈ దేశంలో దాదాపు వెయ్యి జాతుల వాటిల్‌లు ఉన్నాయి. ఇవి మన తుమ్మకు దాయాదులు. నల్లతుమ్మను కూడా శాస్త్రజ్ఞులు చాలాకాలం అకేసియా అనే పిలిచారు. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ ఆ పేరు ఆస్ట్రేలియా జాతులకే చెందేలా నిర్ణయించడం, 2011లో మెల్‌బోర్న్ మహాసభ ఆ నిర్ణయాన్ని ఖాయం చేయడంతో, మన నల్లతుమ్మ వాచెలియాగా, చండ్ర సెనెగాలియాగా మారాయి. పేర్లు వేరైనా చుట్టరికం చూడగానే తెలుస్తుంది. అవే గుండ్రటి పసుపు పూబంతులు, అవే పప్పుజాతి కాయలు, బెరడు చిట్లిన చోట కారే అదే బంక. ముళ్లు మాత్రం వాటిల్‌లలో చాలావాటికి ఉండవు.

ఎంపికలో మొదట చూడవలసింది ఆకు. తుమ్మ ఆకు ఈకలా చీలి, సన్నటి చిట్టి ఆకులతో ఉంటుంది. వాటిల్‌లలో కొన్నిటికి జీవితమంతా అటువంటి ఆకే ఉంటుంది. మిగిలినవాటికి మొలక దశలో మాత్రమే ఈక ఆకు కనిపించి, మొక్క పెరిగేకొద్దీ ఆకు తొడిమే వెడల్పుగా సాగి ఆకు పని చేయడం మొదలుపెడుతుంది. దానిని ఫిల్లోడ్ అంటారు. ఇది ఒక జాతిలో గోరంత, మరొక జాతిలో జానెడు ఉంటుంది. అడుగు ఎత్తు చెట్టు మీద జానెడు ఆకు ఉంటే, ఎంత నేర్పుగా కొమ్మలు మలిచినా అది చెట్టులా కనిపించదు, కుండీలో నాటిన కొమ్మలా కనిపిస్తుంది.

రెండవది, ముదురు కొమ్మ నుంచి చిగురించే గుణం. మర్రి, రావి, జువ్వి వంటి చెట్లతో బోన్సాయ్ నేర్చుకున్నవారికి ఎక్కడ కోసినా చిగురు వస్తుందన్న ధీమా చేతికి అలవాటైపోతుంది. ఆ అలవాటుతో వాటిల్ మీద కత్తెర వేస్తే నష్టం తప్పదు. చాలా వాటిల్‌లలో పచ్చని ఆకు ఏదీ మిగల్చకుండా కొమ్మను కోస్తే, మిగిలిన మోడు చిగురించకపోగా కాండం వరకూ ఎండిపోతుంది. మూడవది ఆయుష్షు. అడవిలో మంటలు రేగిన తరువాత నేలలో దాగిన గింజల నుంచి ముందుగా మొలిచి, త్వరగా పెరిగి, బోలెడు గింజ రాల్చి పోయే స్వభావం అనేక వాటిల్‌లకు ఉంది. అటువంటి జాతులు పది, పదిహేనేళ్లకే ముసలివవుతాయి. బోన్సాయ్‌లో కాండానికి, కొమ్మలకు ఒక తీరు వచ్చేదే అప్పటికి కనుక, ఈ లెక్కను మొక్క కొనకముందే వేసుకోవడం మంచిది.

ఈ మూడింటినీ కలిపి చూసినప్పుడు, మొదటి వాటిల్‌గా నేను నిస్సంకోచంగా చెప్పే పేరు అకేసియా హోవిట్టీ. నర్సరీలలో దీనిని స్టికీ వాటిల్ అంటారు, లేత చిగుళ్లు వేలికి కాస్త జిగురుగా తగులుతాయి. విక్టోరియా రాష్ట్రంలోని గిప్స్‌లాండ్ ప్రాంతం దీని పుట్టిల్లు. ఫిల్లోడ్ ఒకటి, రెండు సెంటీమీటర్ల పొడవు మాత్రమే ఉండి, కుండీలో పెరిగేకొద్దీ ఇంకా చిన్నదవుతుంది. కంచెగా పెంచి ఏటా కత్తిరించడానికి తోటల్లో దీనిని విరివిగా వాడతారు. ఆ ఒక్క విషయమే బోన్సాయ్ పెంచేవారికి చాలా చెబుతుంది. కంచెగా కత్తిరింపును ఓర్చుకునే చెట్టు కుండీలోనూ ఓర్చుకుంటుంది. వేలి లావు కొమ్మను కోసినా, కోతకు దిగువన నాలుగైదు ఆకులు ఉంచితే చాలు, మూడు నాలుగు వారాల్లో కణుపుల దగ్గర ఆవగింజంత ఎర్రటి మొగ్గలు పొడుచుకొస్తాయి. నా దగ్గర ఉన్న వాటిలో ఒకటి కాండం మీద, బెరడు ముదిరిన చోట కూడా రెండుసార్లు చిగురించింది. అయితే అది ఆ చెట్టు దయ అనుకోవాలే గాని, దాని మీద ఆధారపడి కోతలు పెట్టకూడదు.

హోవిట్టీకి లోపాలు లేకపోలేదు. పూలు లేత నిమ్మపండు రంగులో, ఆకుల మధ్య విడివిడిగా వస్తాయి. రోడ్డు పక్క చెట్టులా ఒళ్లంతా పసుపు కప్పుకున్నట్టు ఉండదు. పెరుగుదల వేగం ఎక్కువ కాబట్టి వేసవిలో రెండు వారాలకు ఒకసారైనా చిగుళ్లు తుంచకపోతే, పై కొమ్మలు బలిసి, నీడ పడిన కింది కొమ్మలు తమంతట తాము ఎండిపోతాయి. వాటిల్‌లో పోయిన కింది కొమ్మను తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. అందుచేత, నెలల తరబడి ఊళ్లు తిరిగేవారికి ఇది తగదు. రోజూ ఉదయం పది నిమిషాలు చెట్టు దగ్గర నిలబడగలిగినవారికి ఇంతకంటే తృప్తినిచ్చే స్థానిక చెట్టు నాకు కనపడలేదు.

రెండవ స్థానం బ్లాక్‌వుడ్‌ది, అంటే అకేసియా మెలనోక్సిలాన్‌ది. క్వీన్స్‌లాండ్ నుంచి టాస్మేనియా వరకూ తూర్పు ఆస్ట్రేలియా తడి అడవుల్లో ఇది మహావృక్షంగా పెరుగుతుంది. ఫర్నిచర్, గిటార్లు చేసే మేలైన కలప దీనిది. వందేళ్లకు పైగా బతికే వాటిల్‌లు కొద్ది. వాటిలో ఇది ముఖ్యమైనది. మన తరువాత పిల్లల చేతికి ఇవ్వదగిన చెట్టు కావాలనుకుంటే హోవిట్టీని కాదని దీనినే తీసుకోవాలి. చిక్కల్లా ఆకుతోనే. ఫిల్లోడ్ సాధారణంగా ఆరు నుంచి పన్నెండు సెంటీమీటర్లు ఉంటుంది. కొమ్మలు చీలి చీలి సన్నబడితే ఆకు సగానికి తగ్గుతుంది గాని, అరచేతిలో ఇమిడే చెట్టుకు అదీ పెద్దదే. కాబట్టి బ్లాక్‌వుడ్‌ను కనీసం రెండున్నర అడుగుల ఎత్తు, దానికి తగిన లావు కాండం ఉండే పెద్ద బోన్సాయ్‌గానే ఊహించుకోవాలి. దానిని ఎత్తి దించడానికి ఇద్దరు మనుషులు కావాలన్నది కూడా ఎంపికలో భాగమే. అపార్టుమెంట్ బాల్కనీలో ఉండేవారు దీని జోలికి పోకపోవడం మంచిది.

బ్లాక్‌వుడ్‌లో నాకు ఎంతో ఇష్టమైన విషయం ఒకటి చెప్పాలి. లేత మొక్క మీద ఈక ఆకు, ఫిల్లోడ్ రెండూ ఒకే కొమ్మ మీద కనిపిస్తాయి. ఒక్కొక్క చోట వెడల్పయిన తొడిమ చివరనే ఇంకా రాలిపోని ఈక ఆకు వేలాడుతూ, ఒక ఆకు మరొక ఆకుగా మారడం కళ్లెదుట జరుగుతున్నట్టు ఉంటుంది. గట్టిగా కత్తిరించినప్పుడు వచ్చే కొత్త చిగుళ్లలో కూడా ఈ ఈక ఆకులు అప్పుడప్పుడు మళ్లీ కనిపిస్తాయి. పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి పాఠం ఉండదు. నేలలో ఉన్న చెట్టుకు వేరు తెగిన చోట పిలకలు పుట్టే గుణం కూడా ఉంది. దానిని ఉపయోగించుకుని ఒకే వేరు మీద నాలుగైదు కాండాలున్న చిన్న తోపును తయారు చేసుకోవచ్చు.

ఇక ఎవరైనా ముందుగా అడిగే రెండు పేర్లు గోల్డెన్ వాటిల్, కూటముండ్రా వాటిల్. గోల్డెన్ వాటిల్‌ను 1988లో ఆస్ట్రేలియా జాతీయ పుష్పంగా ప్రకటించారు. 1992 నుంచి దేశమంతటా సెప్టెంబరు 1ని వాటిల్ దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఆ గౌరవం చూసి దీనిని కుండీలోకి తేవాలనుకోవడం సహజమే. అయితే కొడవలిలా వంగిన దాని ఫిల్లోడ్ పది, పదిహేను సెంటీమీటర్ల పొడవు ఉంటుంది, ఆయుష్షు తక్కువ, ముదురు కొమ్మ మీద చిగురు అరుదు. నేలలో పెంచుకుని ఆనందించవలసిన చెట్టు ఇది. బోన్సాయ్‌కి నేను సిఫారసు చేయను.

కూటముండ్రా వాటిల్ విషయం కొంచెం వేరు. న్యూ సౌత్ వేల్స్‌లోని కూటముండ్రా, టెమోరా పట్టణాల చుట్టుపక్కల చిన్న ప్రాంతం దీని సొంత ఊరు. వెండి, నీలం కలిసిన ఈక ఆకు, నడి చలికాలంలోనే ముంచెత్తే పూత, త్వరగా లావెక్కే కాండం చూస్తే బోన్సాయ్ కోసమే పుట్టిందా అనిపిస్తుంది. పూత చూసి నేను కొన్న మొదటి మొక్క ఇదే. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, ఆకారం తేవాలన్న తొందరలో, మూడు ప్రధాన కొమ్మలను ఆకు మిగల్చకుండా మోళ్లుగా కోశాను. వారం తిరగకుండా కోత అంచున తేనె రంగు బంక బొట్టు కట్టింది. నెల తరువాత గోటితో బెరడు గీరి చూస్తే పచ్చదనం బదులు ఎండు తాటాకు రంగు కనిపించింది. ప్రతి వారం ఆ గీత ఒక అంగుళం కిందికి జరుగుతూ, వసంతం వచ్చేసరికి కాండాన్ని చేరింది. తప్పు చెట్టుది కాదు, దాని స్వభావం తెలియని చేతిది. అయినా ఇంత తక్కువ క్షమించే చెట్టును మొదటి చెట్టుగా పెట్టుకోవద్దని చెప్పడానికి ఆ ఒక్క అనుభవం చాలు. పైగా తన సొంత ప్రాంతం దాటితే ఇది అడవుల్లోకి గింజలు చల్లుకుంటూ పోయే కలుపు చెట్టు. విక్టోరియాలో పెంచేవారు కాయలు ముదరకముందే తెంపివేయడం బాధ్యతగా పెట్టుకోవాలి. దీనిని తప్పక పెంచాలనుకునేవారు ట్యూబులో, అంటే సన్నటి చిన్న కుండీలో ఉన్న లేత మొక్క నుంచే మొదలుపెట్టి, ఏ కొమ్మనూ పెన్సిల్ లావుకు మించనీయకుండా, లేతగా ఉన్నప్పుడే తుంచుతూ ఆకారం తేవాలి.

మిగిలినవాటిలో ఓవెన్స్ వాటిల్ ప్రస్తావించదగినది. విక్టోరియా ఈశాన్య కొండప్రాంతపు చెట్టు కాబట్టి మంచును బాగా తట్టుకుంటుంది. సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉండే త్రికోణపు ఫిల్లోడ్‌లు కొమ్మకు రంపపు పళ్లలా అతుక్కుని ఉంటాయి, కొమ్మలు సహజంగానే విల్లులా వంగుతాయి. కుండీ అంచు దాటి కిందికి జారే శైలికి ఇది బాగా నప్పుతుంది, నిటారు శైలికి నప్పదు. కాన్‌బెర్రా వంటి గడ్డకట్టే చలి ఉన్న ఊళ్లలో హోవిట్టీకి ముందు దీనిని ఆలోచించవచ్చు. బ్రిస్బేన్, ఉత్తర న్యూ సౌత్ వేల్స్ వైపు ఉండేవారికి ఫ్రింజ్డ్ వాటిల్ అక్కడి చెట్టు. ఆకు సన్నగా, రెండు నుంచి అయిదు సెంటీమీటర్లు ఉంటుంది, పొట్టి రకం కూడా నర్సరీలలో దొరుకుతుంది. అక్కడి ఉక్కపోతకు హోవిట్టీ కంటే అదే మేలు. రివర్ వాటిల్ పొట్టి రకాలను లైమ్‌లైట్ వంటి పేర్లతో విరివిగా అమ్ముతారు. అవి కుండీలో అందంగా ఉన్నా, పొడవాటి వేలాడే ఆకుల గుబురులో కొమ్మ ఏదీ కనిపించదు. వాటిని కుండీ మొక్కగానే చూసుకోవాలి.

జాతిని ఎంచుకున్న తరువాత ఎటువంటి మొక్కను కొనాలన్నది మరొక ప్రశ్న. గింజ నుంచి పెంచాలంటే, పైపెంకు గట్టిది కాబట్టి మరిగిన నీళ్లు పోసి రాత్రంతా నాననిచ్చి, ఉబ్బినవాటిని విత్తాలి. అడవిలో మంట చేసే పనిని ఇక్కడ వేడినీళ్లు చేస్తాయి. చవకైన మార్గమే గాని, కాండం తయారవడానికి మూడు నాలుగేళ్లు అదనంగా పడుతుంది. పెద్ద కుండీలో ఏపుగా పెరిగిన మొక్కను కొంటే ఆ కాలం కలిసొస్తుందనిపిస్తుంది, కాని కింది కొమ్మలు అప్పటికే పోయి, వేర్లు కుండీ గోడ వెంట చుట్టలు చుట్టుకుని ఉంటాయి. నా మాటగా చెబితే, స్థానిక మొక్కల నర్సరీలలో కొద్ది డాలర్లకు దొరికే ట్యూబ్‌స్టాక్, అంటే ట్యూబుల్లో పెంచిన చిన్న మొక్కలు అయిదారు కొని, ఒకటి రెండేళ్లు నేలలోగాని పెద్ద తొట్టిలోగాని పెంచి, వాటిలో మెరుగైనవాటిని ఉంచుకోవడం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి. కొనేటప్పుడు పైమట్టిని వేలితో తోసి, కాండం మెడ దగ్గర వేరు ఉరిలా చుట్టుకుని ఉందేమో తప్పక చూడాలి. అడవి నుంచి తవ్వి తేవడం అనుమతి లేకుండా చట్టవిరుద్ధం. అదీగాక, తవ్విన వాటిల్ బతకడం అరుదు.

సంరక్షణలో జాతుల మధ్య తేడా తక్కువే, కాని జపాన్ పద్ధతి చెట్లతో పోలిస్తే తేడా ఎక్కువ. మేపుల్ వంటి చెట్లను చలికాలం చివర కుండీ మారుస్తాం. వాటిల్‌ను మాత్రం పూత అయిపోయి కొత్త చిగురు కదిలిన తరువాత, అక్టోబరు, నవంబరు నెలల్లో మార్చాలి. మట్టినంతా కడిగి వేర్లను బయటపెట్టకూడదు. వేర్ల మీది బుడిపెల్లో నత్రజని పట్టే సూక్ష్మజీవులు ఉంటాయి కాబట్టి పాత మట్టి కొంత ఉంచి, మూడో వంతుకు మించకుండా వేర్లు కత్తిరిస్తే చాలు. ఎరువు భాస్వరం తక్కువగా ఉండే, స్థానిక మొక్కల కోసం అమ్మే రకమే వాడాలి. నీటి విషయంలో మాత్రం రాజీ లేదు. పొడి నేలల చెట్టు కదా అని నీరు తగ్గించడం చాలామంది చేసే పొరపాటు. అక్కడ లోతుకు పోయిన వేరు ఉంది, ఇక్కడ మూడంగుళాల మట్టి ఉంది. జనవరిలో ఉత్తరపు వడగాలి వీచి 40 డిగ్రీలు దాటే రోజున ఒక్క పూట ఎండిన హోవిట్టీ తిరిగి తేరుకోదు. అందుకే మామూలు బోన్సాయ్ పళ్లెం కంటే రెండంగుళాలు లోతైన కుండీ వాడాలని, అటువంటి రోజుల్లో కుండీని నీటి పళ్లెంలో ఉంచాలని గట్టిగా చెబుతాను.

కొమ్మకు వంపు తేవడానికి లోహపు తీగ చుట్టడంలోనూ జాగ్రత్త అవసరం. లేత కొమ్మ చెప్పినట్టు వంగుతుంది, ముదిరితే పుటుక్కున విరుగుతుంది. పెరుగుదల వేగం వల్ల నెల రోజులకే అల్యూమినియం తీగ బెరడులోకి దిగుతుంది. ఒక ఉదయం అలా తీగ విప్పుతుంటే, కొమ్మ చంకలో రంపపు పొట్టు, పట్టు లాంటి దారం కలిపి అల్లిన చిన్న మూత నా వేలికి తగిలింది. మూత తీస్తే దాని కింద చక్కగా గుండ్రటి రంధ్రం. సన్నటి తీగను రెండంగుళాల లోపలికి పోనిస్తే మెత్తగా తగిలింది, కాండం తొలిచే పురుగు. వాటిల్‌కు ఇది పెద్ద శత్రువు, మందుల కంటే కన్నే దీనికి మేలైన విరుగుడు. కొమ్మల చంకలను వారానికొకసారి వేలితో తడిమి చూసే అలవాటు ఎన్నో చెట్లను కాపాడుతుంది. పూత కావాలనుకునేవారు కత్తిరింపులన్నీ పూలు రాలిన వెంటనే మొదలుపెట్టి డిసెంబరు నాటికి ముగించాలి. ఆ తరువాత వచ్చే కొమ్మల మీదే మరుసటి ఏటి మొగ్గలు పడతాయి.

కాన్‌బెర్రా వెళ్లే అవకాశం ఉన్నవారు అక్కడి నేషనల్ ఆర్బొరేటమ్‌లో ఉన్న జాతీయ బోన్సాయ్, పెన్‌జింగ్ (చైనా పద్ధతి పొట్టి చెట్ల) సేకరణను చూసి రావాలి. ఆస్ట్రేలియా స్థానిక చెట్లను దేవదారుల పక్కన ఒకే వరుసలో చూసినప్పుడు, వీటి కాండాన్ని, కొమ్మ తీరును ఎలా ఊహించుకోవాలో కంటికి అందుతుంది.

ఆంధ్ర, తెలంగాణల నుంచి బంధువులు అప్పుడప్పుడు గింజలు పంపమని అడుగుతుంటారు. పంపకూడదు. 2003 నాటి భారత ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి పత్రం, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనాలు తేవడం కుదరదు. నీలగిరుల్లో నాటిన బ్లాక్ వాటిల్, సిల్వర్ వాటిల్ అక్కడి షోలా అనే కొండ అడవుల మధ్య పచ్చికబయళ్లను ఎంతగా ఆక్రమించాయో చూస్తే ఆ నియమం ఎందుకో అర్థమవుతుంది. గిప్స్‌లాండ్ చల్లదనంలో పుట్టిన హోవిట్టీ విజయవాడ మే నెలను తట్టుకుంటుందని ఆశించనూ లేం. మన రోడ్ల పక్కన ఇప్పటికే ఉన్న ఆస్ట్రేలియా తుమ్మ, అంటే అకేసియా ఆరిక్యులిఫార్మిస్, ఎండకు తట్టుకున్నా దాని జానెడు ఆకు బోన్సాయ్‌కి పనికిరాదు. అక్కడివారికి నా సలహా నల్లతుమ్మ. చిట్టి ఆకు, చిన్న వయసులోనే పగిలే నల్లటి బెరడు, పసుపు పూబంతులు, చేనుగట్టు మీద ఏళ్ల తరబడి కొట్టించుకుని మళ్లీ చిగురించే ఓర్పు, అన్నీ దానికి ఉన్నాయి. వానలు పడ్డాక చేనుగట్టున లేచే చిటికెనవేలి లావు మొక్కను, రైతు అనుమతితో, తల్లివేరు చుట్టూ జానెడు మట్టిగడ్డ చెదరకుండా తీసుకోవాలి; ముళ్లకు చేతితొడుగులు మరవకూడదు.